పగారు లేని పని

మా మనుమరాలు కాలేజీ నుంచి వచ్చినాక రాత్రిపూట లిబ్రెఆఫీస్ పుస్తకం దిద్దుతది. ఉత్తరాలు రాసుకోను, లెక్కలు వేసుకోను పనికొచ్చే సాఫ్ట్‌వేర్ అది. 2010 నుంచి ఉన్నది, పైసలు లేకుండ దొరుకుతది. ఏడాదికి రెండుసార్లు కొత్తది వస్తది. వచ్చినప్పుడల్లా ఒక మాట మారుతది, ఒక బటన్ జరుగుతది. ఎట్ల వాడాలో చెప్పే పుస్తకంల మాత్రం పాత బొమ్మే ఉంటది. అందుకని దేశదేశాల వాళ్లు తలా ఒక అధ్యాయం పంచుకొని, తాము చేసి చూసి, మళ్లీ రాస్తరు. ఒకరు రాసింది ఇంకొకరు చదివి తప్పులు పడతరు.

"పగారెంత బిడ్డా?" అంటే "ఏం లేదు తాతా" అన్నది. నాకు రుచించలేదు. అరగంట ఎక్కువ పని చేయించుకొని పైసలు ఎగ్గొడితే గేటు ముందర కూచున్నోళ్లం మేము.

కాని దీనికి మాలక్ లేడట. ఆ పుస్తకాన్ని ఎవరైనా కాపీ తీసుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, తమ భాషలోకి మార్చుకోవచ్చు అని అందులోనే రాసి ఉంటది. మా మిల్లులో కొత్త సాంచాలు వచ్చినప్పుడు ఇంగ్లీషు పుస్తకం ఆఫీసు బీరువాలనే ఉండిపోయింది. సాంచా ఆగితే జాబర్ వచ్చేదాంక నిలబడాలె. నిలబడ్డంత సేపు గజాలు పోయె, పగారూ పోయె.

పిల్ల ఏదన్నా రాసే ముందు నాకు తెలుగుల చెప్తది. నేను ఆగిన చోట ఇంకో వాక్యం కలుపుతది. మొన్న "సెల్" అంటే ఏందని అడిగిన. "గడి తాతా" అన్నది. గళ్ల బట్ట నేసినోణ్ని, గడి అంటే తెలువదా!