తూకం చూశాను, డేగను చూడలేదు

పెంపుడు డేగ మనిషి చేతి మీద వాలేది ఆకలేసినప్పుడే. డేగతో వేటాడే విద్య నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు మొట్టమొదట చెప్పే మాట ఇది. మాట నిజమే, నేను దాన్ని అర్థం చేసుకున్న తీరే తప్పు. ఆకలి పెంచినకొద్దీ డేగ త్వరగా లొంగుతుందనుకున్నాను. ఆ తొందరంతా ఒక పిల్ల డేగ ఒంటి మీద పడింది. దానికి నేను పెట్టుకున్న పేరు సివంగి.

మేముండేది అరిజోనాలో, ఫీనిక్స్‌కు తూర్పున. ఇళ్ల వరసలు దాటగానే ఎడారి. నిలువెత్తు సగ్వారో జెముళ్లు, మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమైన మెస్కిట్ చెట్లు. సివంగి జాతి అయిన హారిస్ హాక్‌కు అదే పుట్టిల్లు. ముదురు గోధుమ రంగు ఒళ్లు, భుజాల మీదా తొడల మీదా ఇటుక రంగు, తోక మొదట్లోనూ చివరా తెలుపు. డేగలు చాలావరకు ఒంటరిగా వేటాడతాయి. ఇది మాత్రం కుటుంబంతో కలిసి వెళ్తుంది. ఒకటి పొదలో దూరి కుందేలును బయటికి తరుముతుంది, మిగతావి చుట్టూ కాపు కాస్తాయి, చిక్కాక అన్నీ పంచుకు తింటాయి. జేమ్స్ బెడ్నార్జ్ అనే శాస్త్రవేత్త న్యూ మెక్సికోలో వీటి వేటను వెన్నాడి చూసి 1988లో ‘సైన్స్’ పత్రికలో రాశారు. గుంపు పెద్దదైతే ఒక్కో పక్షికి దక్కే తిండి కూడా పెరుగుతోందని ఆయన గమనించారు. ఈ కలివిడితనం వల్లే కొత్తగా నేర్చుకునేవాళ్లకు తరచూ హారిస్ హాక్‌ను ఇస్తారు. మనిషినీ తన గుంపులో ఒకడిగా చేర్చుకోగల పక్షి అది. నేను సివంగిని గుంపు నుంచి ముందే తెంచి తెచ్చాను, తెచ్చాక ఆకలితో లొంగదీయబోయాను.

ఇక్కడ డేగతో వేటకు లైసెన్సు ఊరికే ఇవ్వరు. రాతపరీక్షలో నూటికి 80 మార్కులు రావాలి. డేగను ఉంచే గదినీ సామగ్రినీ తనిఖీ చేస్తారు. అనుభవమున్న వేటగాడొకరు స్పాన్సర్‌గా పూచీపడాలి, ఆయన దగ్గర కనీసం 2 ఏళ్లు అప్రెంటిస్‌గా ఉండాలి. నా స్పాన్సర్ డెబ్బై దాటిన మనిషి, మాట చాలా నెమ్మది. ఏది చెప్పినా ఒకసారే చెబుతారు. అప్పట్లో ఆ నెమ్మదిని నేను తేలిగ్గా తీసుకున్నాను.

పిల్లను నాలుగు నెలలు నిండేదాకా తల్లిదండ్రుల దగ్గరే ఉండనివ్వమని ఆయన చెప్పారు. ముందే విడదీస్తే తిండి పెట్టే మనిషినే తల్లి అనుకుంటుంది, ఆ మనిషి కనబడినప్పుడల్లా గూటిలో పిల్ల అరిచినట్టు అరుస్తుంది. డేగలు పెంచేవారిని బతిమాలి రెండు నెలలు దాటగానే తెచ్చేసుకున్నాను. అక్టోబరుకల్లా వేటకు సిద్ధం చేయాలన్న ఆరాటం నాది. అప్పటికి సివంగి తోక ఈకల మొదళ్లు ఇంకా గట్టిపడలేదు, వాటిలో రక్తం ఆడుతూనే ఉంది. ఈకలు పూర్తిగా ఎదిగేదాకా కడుపునిండా పెట్టమని, తూకం జోలికి పోవద్దని కూడా ఆయన చెప్పారు.

నేను జులైలోనే తిండి తగ్గించాను.

తూకం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డేగను రోజూ ఒకే వేళకు, అంతకుముందు తిన్నది అరిగి, అరగని వెంట్రుకల్నీ ఈకల్నీ ఉండలా కక్కేశాక, త్రాసుకు బిగించిన కొయ్య మీద నిలబెట్టి గ్రాముల్లో తూస్తాం. బాగా తిన్న ఆడ హారిస్ కిలో దాటుతుంది. అక్కడి నుంచి కొద్దికొద్దిగా దించుతూ పోతే ఒకచోట తిండి మీద ధ్యాస పుడుతుంది. చేతిమీద కూర్చుని భయం లేకుండా మాంసం తింటుంది, తర్వాత గజం దూరం నుంచి దూకుతుంది, ఆపైన కాలికి పొడవాటి తాడు కట్టి దూరం నుంచి పిలుస్తాం, చివరికి తాడు విప్పేస్తాం. ఆ తూకం ఏ పక్షికి ఆ పక్షికే వేరు. మాంసం కూడా ఒకటి కాదు. క్వెయిల్ పిట్ట మాంసంలో ఉన్న సత్తువ అంతే బరువున్న కుందేలు మాంసంలో ఉండదు. ఎండలో సరిపోయిన తూకం చలిలో చాలదు. ఎగిరి ఎగిరి కండ పడితే, నిన్నటి అంకె దగ్గర ఈరోజు పక్షి నిజానికి చిక్కిపోయి ఉంటుంది. ఇవన్నీ పుస్తకాల్లో చదివాను, పరీక్షలో రాశాను కూడా.

సివంగి వచ్చినప్పుడు 1,020 గ్రాములు. దాన్ని 850కి తెచ్చాను. రోజుకు 10, 15 గ్రాములకు మించి తగ్గించొద్దన్నది స్పాన్సర్ మాట. ఒక్కోరోజు 30 గ్రాములు తగ్గినా నేను సంతోషపడ్డాను, ఎందుకంటే మర్నాడు అది మరింత వేగంగా చేతికి వచ్చేది. చెయ్యెత్తానో లేదో వచ్చి వాలేది. ఆ వేగాన్ని వీడియోలు తీసి హైదరాబాదులో ఉన్న తమ్ముడికి పంపేవాణ్ణి.

చూడాల్సినవి కళ్లెదురుగానే ఉన్నాయి. ఆరోగ్యంగా ఉన్న డేగ రెట్ట తెల్లగా, మధ్యలో నల్లగా పడుతుంది. పేగు ఖాళీగా ఉంటే పచ్చగా పడుతుంది. గది గోడల మీద పచ్చటి మరకలు ఉన్నాయి, కడిగేశాను. రొమ్ము మధ్యన ఉండే ఎముకకు అటూ ఇటూ కండ ఎంత ఉందో రోజూ వేళ్లతో తడిమి చూడాలి. త్రాసు ఉంది కదా అని ఆ పని మానేశాను. నన్ను చూస్తే చాలు అరుపు. మాంసం ముక్క ఇస్తే రెక్కలు రెండూ గొడుగులా పరిచి దాచుకునేది. కలిసి పంచుకు తినే జాతిలో పుట్టిన పక్షి నన్ను చూసి తిండి దాచుకుంటోందంటే ఏదో చెడిందని అక్కడే తెలియాల్సింది. వేటపక్షికి ఆ మాత్రం రోషం ఉండాలిలే అనుకున్నాను.

నవంబరులో మొదటి కుందేలు దొరికింది. మెస్కిట్ పొదను కర్రతో కొడితే కాటన్‌టెయిల్ ఒకటి బయటికి ఉరికింది, సివంగి వాలుగా దిగి తల దొరకబుచ్చుకుంది. అప్పుడు పరుగెత్తకూడదు. మెల్లగా వెళ్లి పక్కన కూర్చోవాలి, కుందేలు బాధపడకుండా ప్రాణం తీయాలి, డేగను కాస్త తిననివ్వాలి. తర్వాత చేతొడుగులో మంచి ముక్క చూపిస్తే అది దానంతటది చేతి మీదికి అడుగేస్తుంది. ఈలోగా వేటను గుడ్డతో కప్పి సంచిలో వేసుకోవాలి. తన దగ్గర ఏదో లాక్కున్నారన్న సంగతే దానికి తెలియకూడదు. నేనేమో పరుగెత్తుకెళ్లి లాగేశాను. కుందేలంతా తినేస్తే తూకం పెరిగి వారంపాటు ఎగరదేమోనని భయం. సివంగి కుందేలును వదిలి నా ఎడమచేతి మణికట్టు పట్టుకుంది. గోళ్లు దిగాయి. ఆ గాయం మానింది కానీ, ఆ తర్వాత నేను దగ్గరికెళ్తే వేటను ఈడ్చుకుంటూ పొదల్లోకి పోవడం నేర్చుకుంది.

డిసెంబరు చివర ఎడారి రాత్రులు గడ్డకట్టేంత చల్లబడ్డాయి. ఒక ఉదయం గది తలుపు తీస్తే అరుపు లేదు. ఒళ్లంతా ఉబ్బించుకుని, కళ్లు సగం మూసి, నేల మీద కూర్చుని ఉంది. చేతి మీదికి ఎత్తుకుంటే పట్టులో బలం లేదు. కడుపునిండా పెడదామని మాంసం కోస్తూ స్పాన్సర్‌కు ఫోన్ చేశాను. “ముక్క కూడా పెట్టొద్దు. వెచ్చగా ఉంచు, వస్తున్నాను” అన్నారు. అంత చిక్కిన పక్షికి ఒక్కసారిగా మేత పెడితే గొంతు సంచిలో అరగకుండా నిలిచి కుళ్లుతుంది, దాంతోనే ప్రాణం పోతుంది. ఆయన వచ్చి ముందు గోరువెచ్చటి ద్రవం పట్టించారు. చాలాసేపయ్యాక ఎముక, ఈక లేకుండా శుభ్రం చేసిన మాంసం, వేలి గోరంత ముక్క పెట్టారు. అది అరిగిందని తేలాకే ఇంకొకటి. మర్నాడు పక్షుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం.

స్పాన్సర్ నన్ను తిట్టలేదు. నా వేళ్లు పట్టుకుని సివంగి రొమ్మెముక మీద పెట్టారు. కత్తి అంచులా తగిలింది. తర్వాత తోక విప్పి చూపించారు. ఈకలన్నిటి మీదుగా, కింది భాగంలో ఒకే వరసలో సన్నటి గీత. ఈక పెరుగుతున్న రోజుల్లో తిండి చాలకపోతే ఆ కాస్త మేర ఈక బలహీనంగా తయారవుతుంది. ఆకలి గీత అంటారు దాన్ని. నేను జులైలో చేసిన పని డిసెంబరులో తోక మీద కనిపిస్తోంది. నెల తిరక్కుండానే రెండు ఈకలు సరిగ్గా ఆ గీత దగ్గర విరిగాయి. స్పాన్సర్ తన పాత డేగ రాల్చిన ఈకలు దాచిపెట్టుకున్నవి తెచ్చి, లోపల సన్నటి వెదురు పుల్ల దూర్చి, జిగురుతో అతికారు. మిగతా ఈకల మీది గీతలు ఎండాకాలంలో కొత్త ఈకలు వచ్చేదాకా అలాగే ఉన్నాయి.

ఆ శీతాకాలం వేట మానేశాం. సివంగికి రోజూ చేతి మీదే పెట్టాను, ఏ పనీ అడక్కుండా. ముక్క పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, కదలకుండా కూర్చోవడం. మొదట్లో రెక్కలు పరిచి దాచుకునేది. చాలా కాలానికి ఒకరోజు రెక్కలు ముడుచుకునే తిన్నది. నా ఇన్నేళ్లలో నాకు అంత సంతోషం కలిగించిన క్షణాలు తక్కువ. మరుసటి అక్టోబరులో తూకాన్ని పైనుంచి మెల్లగా దించుతూ వస్తే 960 దగ్గరే బ్రహ్మాండంగా ఎగిరింది. నేను 850కి ఎండగట్టిన పక్షికి కావాల్సిన తూకం అది.

ఇప్పుడు మేం నడుస్తుంటే చెట్టు నుంచి జెముడుకు, జెముడు నుంచి చెట్టుకు మాతో వస్తుంది. నేను పొద కొడితే తలొంచి అటే చూస్తుంది. కరెంటు స్తంభాలున్న వైపు వదలను. హారిస్‌లు స్తంభాల మీద గుంపుగా వాలి కరెంటు తగిలి చనిపోతుంటాయి, టూసాన్‌లో అయితే విద్యుత్ సంస్థ వాళ్లు స్తంభాలకు తొడుగులు వేయాల్సి వచ్చింది. చోయా జెముడు ముళ్లు పాదాల్లో దిగితే అక్కడికక్కడే తీసేయడానికి జేబులో పట్టకారు ఉంటుంది.

వీడియోలు చూసి మా తమ్ముడి కొడుకు ఊళ్లో జాలె డేగను పట్టి పెంచుతానన్నాడు. వద్దని గట్టిగా చెప్పాను. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అది నేరం. చట్టం లేకపోయినా వద్దనే అనేవాణ్ణి. కావాలంటే బైనాక్యులర్ కొనిస్తానన్నాను, కొనిచ్చాను.

తోక బాగైంది, కండ పట్టింది, వేట దగ్గర నన్ను రానిస్తోంది. అరుపు మాత్రం పోలేదు. తల్లి దగ్గర ఉండాల్సిన రోజుల్ని నేను తిరిగి ఇవ్వలేను కదా. ఏటా సీజన్ మొదలయ్యే ముందు పక్కిళ్లవాళ్లకు వెళ్లి చెప్పి వస్తాను, పొద్దున్నే ఆరు నుంచి ఏడు దాకా అరుస్తుంది, అది నా వల్లేనని.