ఐదో గుండు ఎటు పోయింది

గత నవంబరులో విస్కాన్సిన్‌లో ఒక తెల్లతోక జింకని కాల్చాను. భుజం వెనక తగలాల్సింది, ఇంకెక్కడో తగిలింది. మంచులో నెత్తుటి చుక్కలు పట్టుకుని చీకటి పడేదాకా వెతికాం, నేనూ మా పక్కింటి పెద్దాయనా. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వెళ్తే రాత్రి కురిసిన మంచు చుక్కల్ని కప్పేసింది. దొరకలేదు. ఎక్కడో పడి చచ్చిపోయే ఉంటుంది, వెంటనే మాత్రం కాదు.

బ్రాడీపేట నాలుగో లైనులో పెరిగినవాడికి తుపాకీ గోలేమిటని మా అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. హెచ్-1బీ మీద ఉన్నవాడు ఇక్కడ తుపాకీ ఉంచుకోకూడదు, వేట లైసెన్సు ఉంటే తప్ప. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టం వచ్చాక వేటంటే జైలు. ఇక్కడ వేట కాగితమే నాకు అర్హత. పెద్దాయన వెంట సరదాగా మొదలైంది. సరదా ఆ మంచులో పోయింది. రైఫిలు గురి సరిచేసేదాకా మళ్ళీ అడవిలో అడుగు పెట్టననుకున్నాను.

అది పాత .308 సెమీ ఆటోమేటిక్. గుండు పేలినప్పుడు పుట్టే గ్యాసులో కొంత బ్యారెల్ కిందున్న పిస్టన్‌ని నెడుతుంది. ఖాళీ తొడుగు బయటపడి, తర్వాతి గుండు తనే ఎక్కుతుంది. కదిలే భాగాలు ఎక్కువ కాబట్టి అనుమానితులూ ఎక్కువే. 100 గజాల దగ్గర ఐదు గుండ్లు రెండంగుళాల్లో పడితే ఇలాంటిదానికి చాలు. నావి ఆరంగుళాల మేర చెదిరాయి. జింక గుండే ఊపిరితిత్తులూ ఉండే చోటు ఎనిమిదంగుళాల పళ్ళెమంత. బల్ల మీద ఆనించి కాలిస్తేనే ఆరంటే, చలికి వణుకుతూ చెట్టుకానుకుని కాలిస్తే ఎంతో లెక్క వేసుకోండి.

నాన్నకి ఫోన్లో చెప్పాను. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిలు కాల్చినాయన. అంతా విని, "ఒరేయ్, సీమటపాకాయ ముట్టించేప్పుడు కూడా నువ్వు కళ్ళు మూసుకునేవాడివి కదరా" అన్నారు. నవ్వేసి ఊరుకున్నాను. ఇంజనీర్ని కదా, స్క్రూలతో మొదలుపెట్టాను.

స్కోపు విప్పితే దాని అడుగు పట్టీలో ఒక స్క్రూ వేలితో తిరిగింది. అదే ఊపులో ముందరి చెక్కని బిగించే స్క్రూ కూడా సరిచేశాను, బ్యారెల్లో పేరుకున్న రాగి మకిలి తీశాను, గుండ్ల బ్రాండూ మార్చాను. గ్రూపు నాలుగంగుళాలకి దిగింది. సంబరపడుతుంటే పెద్దాయన అడిగాడు, "వీటిల్లో ఏది పనిచేసింది?" జవాబు లేదు. ఇదే పని ఆఫీసులో జూనియర్ చేస్తే కోడ్ రివ్యూలో వెనక్కి పంపేవాణ్ణి.

మళ్ళీ మొదలు. ఒకసారికి ఒక్క మార్పు. టార్గెట్ కాగితం మీద అంగుళం గళ్ళుంటాయి. ఏ గుండు ఏ గడిలో పడిందో నోటు పుస్తకంలో 3/2, 4/5 అని రాసుకున్నాను. లైను ముందు, అడ్డరోడ్డు తర్వాత. బ్రాడీపేట వాళ్ళకి ఈ పద్ధతి ఎవరూ నేర్పక్కర్లేదు.

వరసగా రాస్తే కథ బయటపడింది. బ్యారెల్ వేడెక్కేకొద్దీ గుండ్లు పైకి పాకుతున్నాయి. ముందరి చెక్క అవతల ఒరుసుకుంటోంది. అది సర్దాక, రెండు గుండ్ల మధ్య చల్లారనిచ్చాక పాకడం తగ్గింది. మొదటి గుండు మాత్రం ఎప్పుడూ విడిగానే. చప్పుడు కాకూడదని నేను బోల్టుని చేత్తో మెల్లగా మూస్తున్నాను. మిగతా గుండ్లకి అదే స్ప్రింగు బలంతో దభీమని మూసుకుంటుంది. వేటలో లెక్కకొచ్చేది మొదటి గుండే. వదిలేసి మూయడం మొదలుపెట్టాక అదీ గుంపులో కలిసింది.

ఇంకా మూడంగుళాలు. అప్పుడు పెద్దాయన నాకు తెలీకుండా గుండ్ల మధ్య ఒక ఉత్త తూటా పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కితే 'టిక్' మంది, పేలలేదు. కానీ గొట్టం కొస కిందికి దిగింది, నా కళ్ళు మూసుకున్నాయి. చుట్టూ ఎవరూ నవ్వలేదు గానీ, గుంటూరులో ఒకాయన నవ్వినట్టు వినపడింది.

మన పురాణాల్లో వేటగాళ్ళకి గురి తప్పదు. దశరథుడి బాణం తగిలింది కాబట్టే కథ, పాండురాజు బాణం తగిలింది కాబట్టే శాపం. తగలీ తగలకుండా పోయిన బాణం గురించి, ఆ జంతువు ఏమైందన్న దాని గురించి నాకైతే ఏ కావ్యంలోనూ ఎదురుపడలేదు. కవులకి అది కథగా కనపడలేదేమో.

వేసవంతా ఉత్త తూటాలతోనే సాధన చేశాను. కళ్ళు తెరిచి ఉంచడానికి స్క్రూలన్నిటికంటే ఎక్కువ కాలం పట్టింది. సెప్టెంబరులో ఒక గ్రూపు ఫొటో నాన్నకి వాట్సాప్‌లో పంపాను. నాలుగు చిల్లులు ఒకదాన్నొకటి తాకుతున్నాయి.

"ఐదోదెక్కడరా?"

"5/1లో ఉంది నాన్నా."

"అయితే ఎనభై గజాలు దాటి కాల్చకు" అన్నారు. ఈ ఏడు సీజన్ మొదటిరోజు ఒకటి కనపడింది, నూటముప్ఫై గజాల్లో. అది వెళ్ళేదాకా స్కోపులోంచి చూస్తూ కూచున్నాను.