టైరు చెప్పు సంగతి

మా కారుతో వచ్చిన టైర్లు 40,000 కిలోమీటర్లు నడచి అరిగినవి. ఆ చక్రములకు తగినవాటికై హోసూరులో మూడంగళ్లు తిరిగితిమి. టైరు ప్రక్కన 165/80 ఆర్ 14 అని యున్నది: వెడల్పు 165 మిల్లీమీటర్లు, ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 80 పాళ్లు, ఆర్ అనగా రేడియల్, చక్రపు వ్యాసము 14 అంగుళములు.

ఒక అంగడిలో ఈ కొలతవే చవుకగా ఇచ్చెదమనిరి. వాటిపై 1418 అని యుండెను. అనగా 2018వ సంవత్సరము 14వ వారమున తయారైనవి. ఏండ్లు గడచిన రబ్బరు గట్టిపడును. తడిసిన రోడ్డుపై పట్టు తగ్గును. బిడ్డలనెక్కించు బండికి అవి వలదని, ఎక్కువ వెలయిచ్చి క్రొత్తవి కొంటిమి.

విద్యార్థులారా, అంగడివారి మాట తమిళమైనను, కన్నడమైనను, తెలుగైనను ఆ అంకెల అర్థమొక్కటియే. మీ ఇంట టైర్లు మార్చునాడు మీరే చదివి పెద్దలకు చెప్పుడు.