నిట్టనీ కొండ క్రింది మీగడ

న్యూయార్కున నాలుగు దినములు, ఫిలడెల్ఫియాలో రెండు దినములు గడిపితిని. వానిని గూర్చి వ్రాసినవారు పెక్కురు కలరు గనుక, పెన్సిల్వేనియా రాష్ట్రపు నడిబొడ్డున, నిట్టనీ కొండ క్రింద నున్న స్టేట్ కాలేజీ యను చిన్న పట్టణమున గడచిన ఒక్క సాయంకాలమును గూర్చియే నేను వ్రాసెదను.

ఊరి పేరు కళాశాలకు వచ్చుట మనమెఱిగినదే. ఇచ్చట కళాశాల పేరే ఊరికి వచ్చినది. రైతుబిడ్డల చదువునకై 1855లో పొలముల నడుమ వెలసిన పాఠశాల క్రమముగా పెన్ స్టేట్ విశ్వవిద్యాలయమై, తన చుట్టును ఊరిని పెంచుకొన్నది. ఆ విశ్వవిద్యాలయమునకు సొంత ఆవులమందయు, ఆ పాలు చేరు శాలయు, అందు చేసిన ఐస్‌క్రీమును ఎల్లవారికి అమ్ము కొట్టును కలవు. దాని పేరు బర్కీ క్రీమరీ. అచ్చట ఆహారశాస్త్రము చదువుచున్న మా మేనల్లుడు, నేను బస్సు దిగీదిగగనే, పెట్టెనైన బసలో దింపనీక నేరుగా అచ్చటికే నన్ను తోడ్కొనిపోయెను.

అది అక్టోబరు మాసము. ఆకులన్నియు కుంకుమవన్నెకు తిరిగి రాలుచుండెను; కోటు విప్పుటకు మనసొప్పని చలి. అయినను మా ముందు ముప్పదిమంది వరుసగట్టి నిలిచియుండిరి: పుస్తకముల సంచులతో విద్యార్థులు, మనుమరాలి చేయి పట్టుకొన్న ఒక తాతగారు, తాము చదివిన చోటు చూడవచ్చిన నడివయసు దంపతులు. గోడపై రుచుల పట్టిక చదువుచు, ఒకే గిన్నెలో రెండు తీసికొందమా యని నేనడుగగా మేనల్లుడు తల యడ్డముగా నూపెను.

"ఇక్కడ రెండు రుచులు కలపరు మామయ్యా. ఏదో ఒకటే ఎంచుకోవాలి. 1996లో క్లింటన్ ప్రెసిడెంటుగా వచ్చినప్పుడు ఒక్క ఆయనకే కలిపి ఇచ్చారని చెప్పుకుంటారు."

ఆ నియమము నాకెంతయో నచ్చినది. కొత్తావకాయ కలిపిన ముద్దలోనికి మాగాయ తీయబోయినప్పుడు మా నాయనమ్మ చేయి పట్టుకొని ఆపెడిది. ఒక్కొక్క పదార్థమునకు దాని మర్యాద దానికి దక్కవలెనని ఆమె పట్టుదల. ఆమె మాట ఇంత దూరమున, ఇంత చలిలో వినబడునని నేననుకొనలేదు.

కావున మేమిద్దరమును, అతని గదిలో నుండు మిత్రుడును వేర్వేరుగా మూడు గిన్నెలు తీసికొంటిమి. ఫుట్‌బాల్ శిక్షకుడు జో పటర్నో పేర వెలసిన పీచీ పటర్నోలో పీచుపండు ముక్కలు తగిలినప్పుడెల్ల కొంచెము పులుపు, వెంటనే చల్లని తీపి. పూర్వవిద్యార్థుల పేర నున్న అలమ్నై స్విర్ల్‌లో బ్లూబెర్రీ చారలు, కాఫీ వాసనగల చాక్లెట్టు పలుకులు. అది పడుచువారి నాలుకకు తగినది. నేను ఏరి కోరి పుచ్చుకొన్నది వట్టి వనిల్లా. అందు పరిమళము వెనుక నుండి, పాలు ముందుండెను. దాలిపై గంటలకొలది కాగిన పాలమీద నెమ్మదిగా కట్టిన మీగడను చిన్ననాడు దొంగిలించి తిన్నప్పటి నిండుతనము, ఎన్నియో యేండ్ల తరువాత, మరల నోటికి తగిలినది. రెండవ గిన్నెకై మరల వరుసలో నిలిచితిని.

ఆ నిండుతనమునకు కారణమేమని యడుగగా మేనల్లుడు పాఠము విప్పెను. ఐస్‌క్రీమనగా పాలు, మీగడ, చక్కెర మాత్రమే కాదు, గాలియు నందొక భాగమే. గడ్డకట్టునప్పుడు చిలుకుటచే గాలి చేరనిచో అది రాయి యగును, మితిమీరినచో నురుగగును. అందుచేతనే పాలకొవ్వు 10 శాతమునకు, గాలను బరువు నాలుగున్నర పౌనులకు తగ్గరాదని ఈ దేశపు శాసనము. ఈ కొట్టు సరుకులో కొవ్వు 14 శాతము పైమాటే. ఈ విద్యను ఇచ్చట 1892 నుండి బోధించుచున్నారు. బెన్, జెర్రీ యను ఇద్దరు మిత్రులు అయిదు డాలర్లు చెల్లించి ఈ విశ్వవిద్యాలయపు పాఠములనే తపాలా ద్వారా చదివి, 1978లో వెర్మాంటులోని బర్లింగ్టన్ పట్టణమున ఒక పాత పెట్రోలు బంకులో అంగడి తెఱచి జగత్ప్రసిద్ధులైరి. గురువుల ఋణమును కూడ ఈ కొట్టు మఱువలేదు: ఆ విద్య నేర్పిన కీనీ ఆచార్యుని పేర ఒక చాక్లెట్టు రుచి పట్టికలో నున్నది.

గిన్నె ఖాళీ యగుచుండగా నా మనసు మదరాసు సముద్రతీరమునకు పోయెను. 1842లో అచ్చట కట్టిన ఐస్ హౌసులో నిలువచేసిన మంచు ఈ దేశపు సరస్సులలో కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఓడలలో నెలల తరబడి తెచ్చినదే. అమెరికా నుండి మరలిన వివేకానందస్వామి 1897లో బసచేసినదియు ఆ మేడలోనే. అది కట్టిన మరుసటి యేడే నాన్సీ జాన్సన్ యను అమెరికా వనిత, ఉప్పు కలిపిన మంచు నడుమ చేతితో త్రిప్పు ఐస్‌క్రీము యంత్రమునకు పేటెంటు పొందెను. మంచు మనకు చేరినది. దానిని పాలతో కలుపు విద్య విద్యాలయపు వాకిట ప్రజల నాలుకకు అందుట మాత్రము నేనిచ్చటనే చూచితిని.

బాపట్లలో 1945 నుండి వ్యవసాయ కళాశాల కలదు. మన గేదెపాలలో వెన్న ఈ దేశపు హోల్‌స్టీన్ ఆవుపాలలోని దానికి ఇంచుమించు రెట్టింపు. సీతాఫలము, తాటిముంజ, చిన్నరసము ఈ దేశమువారెఱుగరు. మన వ్యవసాయ కళాశాలల పెద్దలు తమ వాకిట ఇట్టి కొట్టొకటి పెట్టించి, విద్యార్థుల చేతనే చేయించి, దారిన పోవు రైతునకు మొదటి గిన్నె నందింపవలెనని నా విన్నపము.