చెప్పిన చోట ఉండే నీళ్లు

బందరులో ఇంట్లో బాత్‌టబ్ ఉందంటే వినేవాళ్లు ముందు నవ్వుతారు. సముద్రం పక్కనే కదా, మీకు నీళ్లకేం తక్కువ అంటారు బయటివాళ్లు. తక్కువే. బోరు వేస్తే ఉప్పునీళ్లు. మంచినీళ్లు కృష్ణ నుంచి కాలవలో రావాలి, చెరువులో నిలవ ఉండాలి, అప్పుడు కుళాయికి ఎక్కాలి. ఎండాకాలం కాలవలు కట్టేస్తే ఆ చెరువులో ఎంతుంటే అంతే. ఒక మామూలు టబ్బు నిండాలంటే రెండొందల లీటర్లు కావాలి. ఇరవై లీటర్ల టిన్నులు పది. అందుకే మా చిలకలపూడి వైపు స్నానమంటే సిమెంటు గాబు, దాంట్లో ముంచుకునే చెంబు. గబగబా నాలుగు చెంబులు పోసుకుని బయటికొచ్చేయడమే.

అయినా మా ఇంట్లో టబ్బు ఉంది. 1998లో విజయవాడలో ఒక లాడ్జి మూసేసి సామాను అమ్మేస్తుంటే నాన్న కొన్నాడు. తెల్లటి ఫైబర్ టబ్బు. సిమెంటు లారీ మీద వేసుకొస్తే వీధి వీధంతా అడిగింది ఒకటే మాట: "రొయ్యపిల్లలకా అండీ?" అప్పట్లో మా చుట్టుపక్కల రొయ్యల చెరువుల జోరు. ఫైబర్ తొట్టి అంటే హేచరీలో చూడాల్సిందే తప్ప మనుషులు స్నానం చేసేదని ఎవరికీ తట్టలేదు. "మా ఆవిడ కోసం" అని చెప్పడానికి నాన్నకి మొహమాటం. "చవగ్గా వచ్చిందండీ" అనేవాడట.

నిజానికి అమ్మ కోసమే. అమ్మది దివిసీమ. 1977 నవంబర్ 19 నాటికి ఆమెకి పదకొండేళ్లు. ఉప్పెన గురించి మన దగ్గర ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, ప్రభుత్వ లెక్కల్లోనే పోయినవాళ్లు పది వేల మంది. అమ్మ మాత్రం ఆ రాత్రి గురించి చెప్పేది ఒక్క ముక్క. "నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో తెలీలేదే" అంటుంది. ఇంకేమన్నా అడిగితే వంటింట్లోకి వెళ్లిపోతుంది.

పెళ్లయి వచ్చింది కూడా సముద్రం పక్కకే. మంగినపూడి మా ఇంటికి పట్టుమని పన్నెండు కిలోమీటర్లు లేదు. కార్తీక పౌర్ణమికి, మాఘ పౌర్ణమికి జనమంతా సముద్రస్నానానికి అక్కడికే. అమ్మా వస్తుంది. వచ్చి ఒడ్డున కూర్చుని అందరి చెప్పులూ బట్టలూ కాపలా కాస్తుంది. అక్కడ సముద్రం లోతు తక్కువ, చాలా దూరం నడుచుకుంటూ పోవచ్చు, కాళ్ల కింద నల్లటి మెత్తటి మట్టి. అదంతా చెప్పి పిలిచినా లేవదు.

టబ్బులోకి మాత్రం దిగేది. ఆదివారం మధ్యాహ్నం అందరూ భోంచేసి నడుం వాల్చాక, తలుపు గడియ పెట్టుకుని, మెడ దాకా నీళ్లలో అరగంట. కోడలిగా, తల్లిగా, వారానికి ఏడు రోజులు ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండే ఆ ఇంట్లో ఆమెని ఎవరూ పిలవని అరగంట అదొక్కటే. నాకు పదేళ్లప్పుడు అడిగాను, సముద్రమంటే భయం, ఇదంటే భయం లేదా అని. "ఇవి చెప్పిన చోట ఉంటాయి" అంది.

నాన్న పోయి ఐదేళ్లయింది. అమ్మ ఒక్కతే ఉంటుంది. నేను హైదరాబాదులో, తమ్ముడు బెంగళూరులో. ఈ ఐదేళ్లలో అమ్మ మోకాళ్లూ టబ్బూ ఒకేసారి పాడయ్యాయి. అడుగున సాలెగూడులా పగుళ్లు, పక్కన రెండు చోట్ల పొక్కులు, నీటిమట్టం దగ్గర చుట్టూ పసుప్పచ్చటి ఉప్పు గీత. గోడలోకి చెమ్మ ఎక్కుతోంది. తమ్ముడు తీసేద్దామన్నాడు. అక్కడ షవరు పెట్టి, కింద గరుకు టైల్సు వేసి, ఒక ప్లాస్టిక్ స్టూలు పడేద్దాం అన్నాడు. వాడి మాటలో తప్పు పట్టడానికేం లేదు. ఆ టబ్బు గోడ అడుగున్నర ఎత్తు, అమ్మ కాలు అంత ఎత్తు లేవడం లేదు. జారిపడితే చూసే దిక్కు లేదు. నేను ఒక శానిటరీ షాపులో కనుక్కుంటే, పాతదాన్ని పగలగొట్టి కొత్తది పెట్టడమే గానీ బాగుచేయడాలు ఉండవన్నారు.

అమ్మ ఎవరి మాటా కాదనలేదు. మూడో రోజు మాత్రం "గిలకలదిండిలో బోట్లు బాగుచేస్తారు కదే, అవీ ఇదే సరుకు కాదూ" అంది.

ఇదే సరుకు. బందరు హార్బరు గిలకలదిండిలో ఉంది. చెక్క పడవల పక్కన ఫైబర్ బోట్లు ఎక్కువయ్యాక వాటికి అతుకులు వేసే మేస్త్రీలూ తయారయ్యారు. మేము పిలిచినాయన వచ్చి, టబ్బు అంచు మీద కూర్చుని, జేబులోంచి రూపాయి బిళ్ల తీసి అడుగంతా కొట్టి విన్నాడు. కొన్నిచోట్ల టకటక, కొన్నిచోట్ల డబడబ. "అమ్మా, ఇది బోటే. బోటుకి నీళ్లు బయటుంటాయి, దీనికి లోపలుంటాయి. అంతే తేడా" అన్నాడు.

ఫైబర్ టబ్బులో పైన కనిపించే తెలుపు జెల్‌కోట్. దాని మందం అర మిల్లీమీటరు, అటూ ఇటూ. కింద గాజునారని రెజిన్‌తో తడిపి పొరలు పొరలుగా వేస్తారు. బలమంతా ఆ నారది. నీళ్లని ఆపేది జెల్‌కోట్, కానీ అదీ పూర్తిగా ఆపలేదు. ఏళ్ల తరబడి నానితే చెమ్మ కొంచెం కొంచెంగా లోపలికి దిగి, అక్కడ కరిగేవాటిని కరిగించి, ఇంకా నీటిని లాక్కుని పొక్కులా ఉబ్బుతుంది. బోటు అడుగున వచ్చే పొక్కూ ఇదే. సాలెగూడు పగుళ్లకి కారణం వేరు. టబ్బు కింద బోలుగా ఉంటే మనిషి దిగిన ప్రతిసారీ అడుగు వంగుతుంది. నార వంగుతుంది, జెల్‌కోట్ వంగలేక చిట్లుతుంది. 1998లో మా తాపీవాళ్లు నాలుగు ఇటుకల మీద పెట్టేసి చుట్టూ గోడ కట్టేశారు. ఆ బోలు నింపకుండా పైన ఎంత తెల్లగా పూసినా ఆరు నెలల్లో మళ్లీ అదే గూడు కడుతుంది.

పాశ్చాత్య దేశాల పాత ఇళ్లలో ఉండే పోత ఇనుము టబ్బుల సంగతి వేరు. వాటి మీది ఎనామిల్ అంటే గాజుపొడి. దాన్ని ఎనిమిదొందల డిగ్రీల కొలిమిలో ఇనుముకి కరిగించి అంటిస్తారు. అది పోతే ఇంట్లో మళ్లీ వేయలేరు. కొత్త ఎనామిల్ అని అమ్మేది నిజానికి గట్టి రంగు. పాత పూత ఊడదీయడానికి అమెరికాలో మిథిలీన్ క్లోరైడ్ వాడేవారు. దాని ఆవిరి గాలికంటే బరువు. కిటికీ సరిగా లేని బాత్‌రూములో టబ్బు అడుగునే నిలిచిపోతుంది. పనివాడు తల వంచి గీకేది అక్కడే. అలా 2000 నుంచి 2011 లోపల అక్కడ టబ్బు పనివాళ్లు 13 మంది చనిపోయారని ఆ దేశపు సీడీసీ 2012లో బయటపెట్టింది. చాలా రకాల వాడకాల్లో ఆ రసాయనాన్ని నిషేధించడానికి 2024 దాకా పట్టింది.

మా మేస్త్రి ఇవేవీ చదివుండడు. కానీ ఇంట్లో చేయనన్నాడు. "రెజిన్ వాసన తలకెక్కుద్దమ్మా. నాలుగు గోడల మధ్యన చెయ్యను" అని ఒక పక్క గోడ విప్పించి టబ్బుని దొడ్లో బాదంచెట్టు కిందికి మోయించాడు. ఇరవై ఏడేళ్ల తర్వాత మళ్లీ వీధివాళ్లంతా వచ్చి చూశారు. ఈసారి రొయ్యపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పది రోజుల పనిలో పూత వేసింది ఒక్క పూటే. మొదటి రెండు రోజులు సబ్బుతో, తర్వాత మంచినీళ్లతో కడగడం. ఉప్పు ఏ మూలనైనా మిగిలితే కొత్త పూత కింద మళ్లీ చెమ్మని పిలుస్తుంది. తర్వాత ఎనభై నెంబరు కాగితంతో గీకడం, పొక్కులు కోసి తెరవడం. ఆపైన ఊరికే ఎండబెట్టడం. బందరు గాలిలో ఎండటం అంటే మాటలు కాదు. రాత్రి అడుగున ఒక ప్లాస్టిక్ ముక్క పరిచి అంచులు టేపుతో అంటించేవాడు. తెల్లారి దాని లోపలివైపు చెమ్మ కనిపిస్తే "ఇంకా ఉందమ్మా" అని సైకిలెక్కి వెళ్లిపోయేవాడు. నాలుగో పొద్దున గానీ పొడిగా కనిపించలేదు.

మా వీధిలో రోల్డ్‌గోల్డ్ పని చేసే తాతగారొకరు రోజూ వచ్చి నిలబడేవారు. చిలకలపూడి గిల్టు నగల గురించి వినే ఉంటారు, ఊరికి అదే జీవనాధారం. ఆయన నాతో అన్నారు: "పూతదేముందమ్మా, క్షణంలో ఎక్కుద్ది. కడుగుడే పని. జిడ్డున్న చోట బంగారమైనా నిలవదు." ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాళ్లూ ఇదే చెప్తారు. గిన్నెని తోమి, కాల్చి, నవాసాగరం చల్లి శుభ్రం చేస్తేనే తగరం పట్టుకుంటుంది. పూతలో చూసేవాళ్లకి మెరుపు కనిపిస్తుంది, చేసేవాళ్లకి కింద ఉన్నదే కనిపిస్తుంది.

అసలు చిక్కు ఏడో రోజు వచ్చింది. మేస్త్రి టబ్బు పక్కగోడ మీద సుద్దతో గీత గీసి, "ఇక్కడ జానెడు లోతు కోసేస్తే అమ్మగారు కాలు ఎత్తక్కర్లేదు. కోసి నార వేసి మూసేస్తా, బోటుకి చేసినట్టే" అన్నాడు. తమ్ముడు ఫోన్లో వెంటనే సరే అన్నాడు. నాకూ అదే మంచిదనిపించింది. అమ్మ ఆ సుద్దగీత వైపు చాలాసేపు చూసింది.

"అక్కడ కోస్తే నీళ్లు అక్కడి దాకే కదా ఆగేది?"

"అంతేనమ్మా."

"నడుం దాకా నీళ్లయితే గాబు పక్కన కూర్చుని పోసుకోనా? దానికి టబ్బెందుకు బాబూ?"

కోయలేదు. బదులుగా మూడు పనులు చేయించింది. బయట వెడల్పాటి సిమెంటు మెట్టు. గోడలో దిగ్గొట్టిన స్టీలు పట్టు, మేస్త్రి దానికి వేలాడి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. టబ్బు అడుగున గరుకు. బోటు మీద కాలు జారకుండా రెజిన్ తడిగా ఉండగా ఇసుక చల్లుతారు. ఇక్కడా అదే చేశాడు. మంగినపూడి ఇసుక పనికిరాదన్నాడు, అందులో ఉప్పు. కృష్ణ ఇసుక తెచ్చి, జల్లించి, కడిగి, ఎండబెట్టి వాడాడు.

మిగిలింది గడియ. తమ్ముడు గడియ వద్దంటాడు. అమ్మకి గడియ లేకపోతే ఆ అరగంటే లేదు. చివరికి తలుపు బయటికి తెరుచుకునేలా మార్పించి, అవసరమైతే బయట నుంచి స్క్రూడ్రైవర్‌తో తిప్పగలిగే గడియ పెట్టించాం. స్క్రూడ్రైవర్ తన బీరువాలోనే ఉండాలంది అమ్మ. ఇంకో గంట వాదన. ఇప్పుడది పక్కింటి అత్తయ్య దగ్గరుంది.

పూత వేసిన రోజు మేస్త్రి నన్ను దగ్గరికి రానివ్వలేదు. హార్డ్‌నరూ యాక్సిలరేటరూ సూటిగా ఒకదాంట్లో ఒకటి కలిస్తే భగ్గుమంటాయట. ముందు ఒకదాన్ని రెజిన్‌లో బాగా కలిపాకే రెండోది, అదీ వందకి ఒకటో రెండో పాళ్లు. చివరి పూతలో కొంచెం మైనం కలిపాడు. గాలి తగిలితే పైపొర జిగటగా ఉండిపోతుందట. మైనం పైకి తేలి గాలిని అడ్డుకుంటుంది. టబ్బుని తిరిగి లోపల పెట్టేటప్పుడు కింద బోలు లేకుండా సున్నపు పాలు తక్కువైన మెత్తటి మాలు నిండుగా పరిపించి, దాని మీద కూర్చోబెట్టాడు. మళ్లీ రూపాయి బిళ్లతో కొట్టాడు. అంతా టకటకే.

వెళ్తూ చెప్పిన జాగ్రత్తలు తక్కువే. యాసిడ్ పోయొద్దు, పీచుతో రుద్దొద్దు, స్నానం అయ్యాక నీళ్లు నిలవ ఉంచొద్దు, వారం దాకా దిగొద్దు. ఎన్నాళ్లుంటుందని అడిగాను. "బోటునైతే ఏటా ఒడ్డుకి లాగి చూసుకుంటాం. దీన్నీ చూసుకుంటా ఉంటే ఉంటది" అన్నాడు. ఏళ్ల లెక్క చెప్పలేదు. ఆ మాట అమ్మకి నచ్చింది.

నేను హైదరాబాదు వచ్చేశాక పదో రోజు ఆదివారం మధ్యాహ్నం ఫోన్ చేస్తే ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. పక్కింటి అత్తయ్యకి చేద్దామని నెంబరు తీసి ఆగిపోయాను. టైము చూసుకుంటూ కూర్చున్నాను. నలభై నిమిషాలకి తనే చేసింది. "ఇంకా కొంచెం వాసనుందే" అంది.