తాళంచెవితో చోళమండలానికి

గూడూరు స్టేషనులో కాఫీకి చిల్లర కోసం జేబులో చెయ్యి పెడితే తాళంచెవి తగిలింది. మా ఇంటి తాళంచెవి కాదు. అది మా ఆవిడ సంచీలో భద్రంగానే ఉన్నది. ఇది మా చిత్రశాల తాళంచెవి. రాజమండ్రిలో ఉండవలసినది కాస్తా రాత్రంతా నాతోపాటు రైలు ప్రయాణం చేసి ఇక్కడిదాకా వచ్చేసింది.

"అయ్యో, పదిరోజులదాకా మనం తిరిగి వెళ్ళం కదా! పాపం, వాళ్ళు తలుపెలా తీస్తారు?" అన్నది మా ఆవిడ.

ఎలాగూ తియ్యరని నాకు తెలుసు. అయినా ఆ మాట పైకి అనబుద్ధి కాలేదు. కాఫీ చల్లారిపోతోందని చెప్పి మాట తప్పించాను.

చిత్రశాల అనగానే పాఠకులు ఏదో పెద్ద మేడను ఊహించుకోకండి. ఒక బట్టల కొట్టుమీద అద్దెకు తీసుకొన్న పొడుగాటి గది. నాలుగు గోడలు, పద్నాలుగు మెట్లు. నాతో కలిపి పదకొండుమంది సభ్యులం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇద్దరు బడిపంతుళ్ళు, ఒక హోమియో డాక్టరు, ఇంటిపని ముగించుకొని వచ్చి బొమ్మలు వేసే అమ్మలు ముగ్గురు, కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు. పదకొండో ఆయన సైన్‌బోర్డులు రాసే పెయింటరు. ఫ్లెక్సీలు వచ్చి ఆయన కుంచెకు పని లేకుండా చేశాయి. జీతం పుచ్చుకొనేవాడు ఎవడూ లేడు. తుడిచేదీ మేమే, మేకులు కొట్టేదీ మేమే, ఎవరైనా వస్తే చూపించేదీ మేమే.

తలా అయిదువందలు చందా. అందరూ ఇస్తే నెలకు 5,500. అద్దె 6,000. అసలు లెక్కలోనే అయిదువందలు లోటు. దానిమీద కరెంటు బిల్లు. దానిమీద అయిదుగురి బకాయిలు. పోయిన ఏడాది అమ్ముడైన బొమ్మలు నాలుగు. అందులో రెండు మా బంధువులే కొన్నారు. ఇవన్నీ చాలవన్నట్టు, మెట్లెక్కగానే ఎదురుగా కనిపించే గోడమీద ఎవరి బొమ్మ ఉండాలన్న తగాదా ఒకటి. ఆ గోడ దగ్గరే ఇద్దరికి మాటలు లేకుండా పోయాయి. నేను తిరిగి రాగానే సమావేశం పెట్టి, గది ఖాళీ చెయ్యాలా వద్దా అన్నది తేల్చాలని అనుకొన్నాం.

దామెర్ల రామారావుగారి ఊరు మాది. ఆయన 1925లో, 28 ఏళ్ళు నిండకుండానే కన్నుమూశారు. ఆయన బొమ్మలను ఆప్తులు కాపాడుకొంటూ వచ్చారు కాబట్టే ఈనాడు ఆయన పేరిట ఊళ్ళో చిత్రశాల ఉన్నది. అటువంటి ఊళ్ళో పదకొండుమంది కలిసి ఒక గది నిలుపుకోలేకపోతున్నామే అన్నది నా బాధ.

మా అబ్బాయి కాపురం మదరాసులో. చెన్నై అని రాయాలి గాని, మా తరం నోటికి మదరాసు పోదు. తిరువాన్మియూరులో వాడింటికి రెండు వీధుల అవతలే మా డ్రాయింగు మాస్టారు కూతురి దగ్గర ఉంటున్నారు. హైస్కూల్లో నాకు పెన్సిలు పట్టుకోవడం నేర్పినవారాయన. ఎనభై దగ్గరపడినా నడక తగ్గలేదు. నా గోడంతా విని, "రేపు పొద్దున్నే తయారుగా ఉండవోయ్. నీకొకటి చూపించాలి. అమ్మాయిని కూడా తీసుకురా" అన్నారు. అమ్మాయంటే మా ఆవిడ. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు.

మర్నాడు ముగ్గురం మహాబలిపురం దారిలో వెళ్ళే బస్సెక్కాం. కొట్టివాక్కం, పాలవాక్కం, నీలాంగరై దాటి ఇంజంబాక్కంలో దిగాం. దారి పొడుగునా హోటళ్ళు, కార్ల దుకాణాలు, మేడలు. మాస్టారు మాత్రం కిటికీలోంచి ఇంకేదో చూస్తున్నట్టు, "ఇదంతా ఇసుకేనోయ్ అప్పుడు. ఇసుకా, సరుగుడు తోటలూను" అన్నారు.

గేటు దాటగానే రోడ్డుమీది రొద సగానికి సగం తగ్గిపోయింది. చెట్ల నీడలో రాతి విగ్రహాలు, లోహపు విగ్రహాలు. వాటి మధ్య నడిచే దారి. ఇదే చోళమండలం కళాకారుల గ్రామం. చోళుల మండలం అన్న పేరే తెల్లవాళ్ళ నోట 'కోరమాండల్' అయిందంటారు. ఆ పాత పేరునే ఈ గ్రామానికి పెట్టుకొన్నారు.

లోపల మ్యూజియం ఉన్నది. 2009లో తెరిచారట. మదరాసు చిత్రకారుల ఉద్యమం అని దేశమంతా చెప్పుకొనేదాని చరిత్ర అక్కడ గోడలమీద వరుసగా కనిపిస్తుంది. పణిక్కరుగారి బొమ్మల ముందు మా ఆవిడ చాలాసేపు నిలబడిపోయింది. గళ్ళు, గుర్తులు, అంకెలు, అర్థంకాని అక్షరాలు. "ఇదేమిటండీ, జాతకచక్రంలా ఉంది!" అన్నది. మాస్టారు సంతోషపడిపోయారు. "సరిగ్గా చెప్పావమ్మా. మన తాటాకులూ, జాతకాలూ చూసే ఆ దారి పట్టాడాయన. చదవడానికి కాదు, చూడటానికి" అన్నారు. రామానుజంగారి సిరాబొమ్మల్లో కలలోని కోటలు, పాములు, వింత జంతువులు. ఇక్కడే ఉండి బొమ్మలు వేసిన ఆయన 1973లో చిన్న వయసులోనే పోయారు.

బయట చెట్టుకింద కూర్చున్నాక మాస్టారు కథ మొదలుపెట్టారు.

మదరాసులో చిత్రకళా పాఠశాల 1850లో పుట్టింది. అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు పెట్టినది. మెరీనాలో శ్రామికుల విగ్రహం చేసిన దేవీప్రసాద్ రాయ్‌చౌదరిగారు చాలాకాలం దానికి ప్రిన్సిపాలు. 1957లో ఆయన తరువాత కె.సి.ఎస్. పణిక్కరుగారు ఆ కుర్చీలోకి వచ్చారు. పిల్లలు ఏళ్ళ తరబడి బొమ్మలు నేర్చుకొంటారు. డిప్లొమా చేతికి వస్తుంది. ఆ తరువాత? బొమ్మలు కొనేవాడు లేడు. ఒకడు ప్రకటనల కంపెనీలో చేరతాడు, ఒకడు బట్టల డిజైన్లు గీస్తాడు, ఒకడు బడిపంతులవుతాడు. కొన్నేళ్ళకు కుంచె ఎండిపోతుంది. నేర్పిన మేష్టరుకు ఇది చూడటం కష్టమైంది.

"చిత్రం అమ్ముకొని బతకాలనుకొంటే కొనేవాడి కోసం చిత్రం వెయ్యాల్సి వస్తుంది. అందుకని ఆయన వేసిన ఉపాయం వేరు. చేతిపని అమ్ముదాం, దాని డబ్బుతో పొయ్యి వెలిగిద్దాం, చిత్రాన్ని దాని మానాన వదిలేద్దాం. అదన్నమాట" అన్నారు మాస్టారు.

ఆ చేతిపనుల్లో ముఖ్యమైనది బాతిక్. తేనెమైనం, పారఫిన్ మైనం కలిపి కరగబెట్టి బట్టమీద గీస్తారు. మైనం ఉన్నచోట రంగు అంటదు. ముందు లేతరంగులో ముంచి, ఆ రంగు నిలవవలసిన చోటల్లా మళ్ళీ మైనం పూసి, ఇంకా ముదురు రంగులో ముంచుతారు. చివరకు మరిగే నీళ్ళలో మైనమంతా వదలగొడతారు. మైనం పగిలినచోట రంగు సన్నని నరాల్లా పాకుతుంది. దాని అందమంతా అక్కడే. చిత్రకారులంతా సంఘంగా చేరి చీరెలు, తెరలు, గోడకు వేలాడదీసే బట్టలు చేసి అమ్మారు. ఆ డబ్బు కూడబెట్టి ఊరికి దూరంగా, సముద్రం దగ్గర సుమారు 10 ఎకరాల నేల కొన్నారు. 1966లో ఈ గ్రామం వెలిసింది. ముప్పై, నలభైమంది చిత్రకారులు, శిల్పులు. స్థలాలు పంచుకొని ఎవరి కొంప వాళ్ళు కట్టుకొన్నారు. చిత్రశాల, పనిపాకలు, ఆరుబయలు నాటకరంగం మాత్రం ఉమ్మడి. పణిక్కరుగారు 1977లో పోయారు. వారి అబ్బాయి నందగోపాల్‌గారు పేరుపొందిన లోహశిల్పి, ఆయన కూడా ఇక్కడే పనిచేసి 2017లో పోయారు. సంఘం మాత్రం పోలేదు.

"మాస్టారూ, ఇదంతా తమకింత బాగా ఎలా తెలుసు?" అని అడిగాను.

ఆయన కుడిచేతి చొక్కా పైకి మడిచారు. ముంజేతిమీద రూపాయి బిళ్ళంత మచ్చ. చిన్నప్పుడు బోర్డుమీద గీస్తుంటే రోజూ చూసిన మచ్చే. ఏమిటని ఎన్నడూ అడగలేదు.

"మైనం. ఒక వేసవంతా వాళ్ళతో కూర్చుని బట్టలకు మైనం పూశాను. పగలు మైనం, రాత్రి బొమ్మలు. నేల కొనే మాటలు జరుగుతూండగా మా నాన్న దగ్గర్నుంచి కార్డు వచ్చింది. గోదావరి జిల్లాలో డ్రాయింగు మాస్టరు ఉద్యోగం ఖాళీ ఉన్నదని. చెల్లెళ్ళిద్దరు పెళ్ళికున్నారు. వచ్చేశాను."

కాసేపు ముగ్గురం ఏమీ మాట్లాడలేదు. మా ఆవిడే మెల్లగా, "అప్పుడు రాకపోతే వీరికి బొమ్మలు ఎవరు నేర్పేవారు మాస్టారూ?" అన్నది. ఆయన నవ్వి, చొక్కా చెయ్యి దించుకొన్నారు.

"బాధ లేదమ్మా. ఇక్కడ ఎండలో ఇసుక తొక్కినవాళ్ళ కష్టం నేను పడలేదు, ఆ ఫలం నాకు రాలేదు. న్యాయమే. కాని ఒకటి చూశాను. ఇక్కడ అందరూ గొప్ప చిత్రకారులు కారు. గొప్పవాళ్ళు గొప్పవాళ్ళతో పోట్లాడుకోకుండానూ లేరు. అయినా ఎవడో ఒకడు లెక్కలు రాశాడు, ఎవడో దీపం పెట్టాడు, ఎవడో తలుపు తీశాడు. బొమ్మ గొప్పదైతే చిత్రశాల నిలవదోయ్. తాళంచెవి పట్టుకొనేవాడు ఉంటే నిలుస్తుంది."

నా జేబు ఒక్కసారిగా బరువెక్కినట్టయింది. తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టి, జరిగింది చెప్పాను. ఊరు విడిచి అయిదు రోజులైంది, ఇది ఏదని అడిగిన దిక్కు లేదు అన్నాను. ఆయన పెద్దగా నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఆ సాయంత్రం ఫోను మోగింది. మా సైన్‌బోర్డుల పెయింటరు.

"ఏవండీ, తాళం తమరి దగ్గర గాని ఉండిపోయిందా అండీ?"

ఉందని ఒప్పుకొన్నాను.

"నాలుగు రోజులుగా ఆ కార్యదర్శిగారి దగ్గరుందేమోనని ఆయన చుట్టూ తిరుగుతున్నానండీ. ఆయనేమో డాక్టరుగారి దగ్గరుందన్నారు. ఇక్కడ మున్సిపల్ బడిపిల్లలు ఇద్దరు రోజూ బడి వదలగానే వచ్చి మెట్లమీద కూచుంటున్నారండీ. లోపల బొమ్మలు చూసి కాపీ చేసుకొంటారట. ఇవాళ ఉండబట్టలేక మెట్లమీదే కూచోబెట్టి సుద్దముక్కతో అక్షరాలు దిద్దించానండీ."

నేను ఫోను పెట్టేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఎవరూ అడగలేదని నేను ఊళ్ళో అందరిమీదా కోపం తెచ్చుకొన్నాను గాని, తాళంచెవి నా దగ్గరే ఉందని నేనైనా ఎవరికి చెప్పాను?

తిరుగు ప్రయాణంలో మా ఆవిడ నెల్లూరు దాటాక ఒక ప్రశ్న వేసింది. "వాళ్ళు బాతిక్ చేశారు, బాగానే ఉంది. మరి మీరేం చేస్తారు? అప్పడాలు ఒత్తుతారా?" మళ్ళీ తనే చెప్పింది. పెళ్ళిలో జీలకర్రా బెల్లం పెట్టే ముందు వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర ఉంటుంది చూడండి. ఈ రోజుల్లో దానిమీద సీతారాముల బొమ్మో, శివపార్వతుల బొమ్మో, పెళ్ళివారి పేర్లో ఉంటే తప్ప సరదా తీరడంలేదు. అచ్చు వేసిన తెరకే వేలకు వేలు పోస్తున్నారు. మీలో బొమ్మ వేసేవాళ్ళు పదిమంది, అక్షరం రాసేవాడు బంగారంలాంటివాడు ఒకడు ఉండగా లోటేమిటి?

ముప్పై ఏళ్ళు బ్యాంకులో లెక్కలు చూసిన నాకు ఈ లెక్క తట్టలేదు.

సమావేశం జరిగింది. ఇద్దరు బొమ్మ అంటే బొమ్మే గాని పెళ్ళిసరుకు కాదని చెప్పి లేచి వెళ్ళిపోయారు. వాళ్ళ మాటలో న్యాయం లేదనను. మిగిలిన తొమ్మిదిమందిమి ఉన్నాం. మూడు నెలల్లో ఏడు అడ్డుతెరలు వేసి ఇచ్చాం. వచ్చిన డబ్బులో బట్టకూ రంగులకూ పోగా సగం వేసినవారికి, సగం గది అద్దెకు. బకాయి ఇంకా పూర్తిగా తీరలేదు గాని, ఇంటివాడు మెట్లమీద ఎదురైతే ఇప్పుడు నేను తల దించుకోవడంలేదు. ఎదురుగోడకు నెలనెలా చీట్లు వేస్తున్నాం. మొదటి చీటీ ఆ పెయింటరుకే వచ్చింది. నదిమీద పాతవంతెన వేశాడు. ఆదివారాలు మెట్లమీది పిల్లలు లోపలికే వస్తున్నారు. ఇద్దరు కాస్తా ఆరుగురయ్యారు.

తాళంచెవులు మాత్రం తొమ్మిది చేయించాం. మనిషికొకటి. ఎవరి వంతు ఏ రోజో క్యాలెండరుమీద రాసి గోడకు తగిలించాం.

మాస్టారికి ఈ సంగతులన్నీ ఉత్తరం రాసి, అందులో పదో తాళంచెవి ఒకటి పెట్టి పంపించాను. "ఇంత దూరాన్నుంచి నేనేం తలుపు తీస్తానోయ్!" అని ఫోనులో కోప్పడ్డారు. కాని, ఆయన దాన్ని జంధ్యానికి కట్టుకొని తిరుగుతున్నారని వారి అమ్మాయి మా ఆవిడతో చెప్పింది.