సులోచనములా, కంటిలోని యద్దములా?

మన భాషలో కంటియద్దములకు సులోచనములని పేరు. మంచి కన్నులని దాని యర్థము. ఇంత మంచి పేరు పెట్టిన జనమే ఆ వస్తువు నొక యాడుపిల్ల ముక్కుపై జూచినంతనే ముఖము చిట్లించుట మాకు చిన్ననాటినుండియు వింతగా నున్నది. గడచిన వేసవిలో ఈ విషయమై మా యింట జరిగిన సంగతిని దాచకుండ మీకు చెప్పదలచితిమి. అందలి తప్పు మాదే. దానివలన నేర్చుకొన్నదియు మేమే.

మాకు పదునొకండవ యేట దూరపుచూపు తగ్గెను. మా తండ్రిగారు వసారాలో కూర్చుండబెట్టి భారతము చదివించునపుడు అక్షరములు చక్కగానే కనబడెడివి. ఎదురింటి యరుగుమీద కూర్చున్న వారెవరో మాత్రము తెలిసెడిది కాదు. పుస్తకములు చదివి పిల్ల కన్నులు పోగొట్టుకొన్నదని బంధువు లనిరి. అద్దములు వచ్చినవి. కాని పెండ్లిచూపులనాడు మా తల్లిగారు వానిని తీసి బియ్యపు డబ్బాలో దాచిరి. పెండ్లినాడును అంతే. జీలకఱ్ఱ బెల్లము పెట్టి తెర తీసినపుడు మాకు గానవచ్చినది పసుపుపచ్చని మంచువంటి దొకటి, దానిపై నొక బాసికము. మా వారి ముఖమును మేము స్పష్టముగ జూచినది పెండ్లియైన మూడవనాడు, అద్దములు మరల పెట్టుకొన్న పిమ్మట. వారు నవ్వి, "సిగ్గుచేత నా వంక చూడలేదని యింతవరకు అనుకొంటిని" అనిరి. ఆ మాటకు మేమును నవ్వితిమి గాని, లోపల నేదో ముల్లు మిగిలిపోయెను.

మాది కడప జిల్లా ప్రొద్దుటూరు. మా వారు దగ్గరి పల్లెలో ఉపాధ్యాయులు. మా యాడుబిడ్డకు ఇరువదిమూడేండ్లు. ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పుచున్నది. ఆమెకును మావలెనే హ్రస్వదృష్టి. రెండు కన్నులకును మైనస్ 4. మొన్న మాఘమాసమున కర్నూలునుండి యొక సంబంధము వచ్చెను. అంతట మా యత్తగారు మమ్ము వంటయింటిలోనికి పిలిచి, "కండ్లద్దాల పిల్లంటే ఎవురు చేసుకుంటారమ్మా? ఇప్పుడు కంట్లోనే పెట్టుకునేవి వచ్చినాయంట గదా, అవి పెట్టించు. వాళ్లకు చెప్పే పనేముండాది?" అనిరి. శ్రీకృష్ణదేవరాయలు పూజించిన వ్యాసతీర్థులు పదునాఱవ శతాబ్దిలోనే గ్రంథపఠనమునకు సులోచనములు వాడినట్లు సోమనాథకవి వ్యాసయోగిచరితమున వ్రాసియున్నాడని మేము చెప్పితిమి. "ఆయప్ప సన్నాసి గదమ్మా! ఆయప్పకు పెండ్లి చేసేదుండాదా?" అని వారు మా నోరు మూయించిరి. పాండిత్యము వంటయింట ఓడిపోయెను. నిజము చెప్పవలెనన్న, మా మనస్సును ఆ వైపునకే మొగ్గియుండెను. బియ్యపు డబ్బాకంటె ఈ యుపాయము మేలుగదా యని తలచితిమి.

కడపలో నొక కంటివైద్యురాలి యొద్దకు పోయితిమి. ఆమె ఓపికతో చెప్పిన సంగతులు మనవంటివారు తెలిసికొనదగినవి. కంటియద్దముల చీటీ లెన్సులకు పనికిరాదట. అద్దము కంటికి ముందు కొంత దూరమున నుండును; లెన్సు కంటి కన్నీటిపొరమీదనే తేలుచుండును. ఆ దూరము పోవుటచే, అద్దములలో మైనస్ 4 కావలసిన కంటికి లెన్సులో మైనస్ 3.75 చాలును. అదియు గాక కంటి వంపును కొలువవలెను. కన్నీరు తగినంత యున్నదో లేదో చూడవలెను. కంటి నల్లగ్రుడ్డుపై కార్నియా యను స్వచ్ఛమైన పొర కలదు. దానిలో నెత్తురునాళములు లేవు; కనుకనే యది గాజువలె నిర్మలముగ నున్నది. అది ప్రాణవాయువును గాలినుండియే, కన్నీటిద్వారా తీసికొనును. నిద్రలో ఱెప్పలు మూసినపుడు ఆ గాలి తగ్గును; లెన్సుతో నిద్రించినచో మఱింత తగ్గును. అట్లు నిద్రించువారికి కంటిలో క్రిములు చేరు నపాయము 6 మొదలు 8 రెట్లు పెరుగునని ఆమె హెచ్చరించెను.

మఱియొక హెచ్చరిక నీటిని గూర్చి. బోరునీరు గాని, కుళాయినీరు గాని, కాచి చల్లార్చిన నీరు గాని లెన్సునకు తగులరాదు. మనము త్రాగు నీటిలోనైనను అకాంతమీబా యను సూక్ష్మజీవి యుండవచ్చును. కడుపులో నది చేయు హాని లేదు గాని, లెన్సు క్రింద చేరెనా, కార్నియాను తొలిచివేయును. చేతులు సబ్బుతో కడిగి, పొడిబట్టతో నీరు లేకుండ తుడిచికొని, లెన్సును దాని ద్రావకముతోనే రుద్ది కడుగవలెను. డబ్బాలో నిన్నటి ద్రావకమును పారబోసి క్రొత్తది పోయవలెను. స్నానమునకు ముందే లెన్సు తీయవలెను. కాటుక పెట్టుకొనువారు లెన్సు పెట్టుకొన్న తరువాతనే పెట్టుకొనవలెను.

పొయ్యివేడికి లెన్సు కరగునా, కంటి వెనుకకు జారిపోవునా యని మా యత్తగారు భయముతో నడిగిరి. రెండును అపోహలే. ఱెప్ప లోపలిపొర కంటితో కలిసియుండుటచే వెనుకకు దారియే లేదు. వంటయింటి వేడికి లెన్సు కరగదు. అయితే మన సీమలో పొడిగాలి, ఎఱ్ఱగుంట్ల వైపు సున్నపురాతి దుమ్ము, ఎండుమిరప కోరు ఇవన్నియు లెన్సు ధరించిన కంటిని త్వరగా ఎండజేసి మండించును. అద్దములు అట్టి దుమ్మునకు కొంత చాటుగ నుండును. ఈ మాట గుర్తుంచుకొనుడని వైద్యురాలు చెప్పెను. మేము వింటిమి, గుర్తుంచుకొనలేదు.

ఈ లెన్సుల చరిత్రలో మన కింపైన యొక ముచ్చట కలదు. 1888లో ఫిక్ అను వైద్యుడు గాజుతో చేసిన చిప్పలను మొదట కుందేళ్ల కన్నులలో పెట్టిచూచి, పిమ్మట తన కంటిలో పెట్టుకొనెను. అవి బరువైనవి; కొలది గంటలకంటె నెక్కుడు భరింప శక్యము కాకపోయెను. నేడు వాడుకలోనున్న మెత్తని లెన్సునకు మూలపురుషుడు చెక్ దేశపు రసాయనశాస్త్రజ్ఞుడు ఆటో విఖ్టెర్లె. ఆయన 1961లో క్రిస్మస్ పండుగనాళ్లలో పిల్లల ఆటసామానుతో నింటిలోనే యొక యంత్రము కూర్చి మెత్తని లెన్సులు తయారుచేసెను. ఆ పనిలో ఆయన భార్యయు తోడ్పడెను. ఇంటి బల్లమీద పుట్టిన వస్తువని వినినపుడు మాకు దానిపై నొక యభిమానము కలిగినది.

మా యాడుబిడ్డ వారము దినములలో లెన్సులు పెట్టుట, తీయుట నేర్చెను. పెండ్లిచూపులు జరిగినవి. వరునివారు మెచ్చిరి. అద్దముల మాట ఎవరును ఎత్తలేదు. మేమును ఎత్తలేదు.

చైత్రమాసమున వారు కర్నూలులో క్రొత్త యిల్లు కట్టుకొని గృహప్రవేశమునకు మమ్ము పిలిచిరి. మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగ బస్సులో పోయితిమి. కిటికీలు తెరచియుండెను, వడగాలియు దుమ్మును ముఖమున గొట్టుచుండెను. ఆ రాత్రి వరుని చెల్లెలు మా పిల్లను తన ప్రక్కనే పడుకొనబెట్టుకొనెను. లెన్సు తీసినచో మఱునాడు తెల్లవారుజామున హోమమువేళ ముఖములు గుర్తుపట్టలేదు. తీసిపెట్టు డబ్బా చూచినచో ఆ పిల్ల అడుగును. అద్దములు మేము ఇంటియొద్దనే వదలి పోయితిమి. పెట్టెలో కనబడునేమో యని ద్రావకపు సీసాను సయితము తీసికొనిపోలేదు. మా పిల్ల లెన్సులతోనే నిద్రించెను. మఱునాడు కన్ను నలుసుపడినట్లుండగా స్నానపుగదిలో తలుపు వేసికొని, కుళాయినీటితో లెన్సు కడిగి మరల పెట్టుకొనెను. రెండవ రాత్రియు నిట్లే గడచెను.

మూడవనాడు ప్రొద్దున ఆమె కుడికన్ను తెరువలేకపోయెను. కన్ను నిప్పుకణికవలె నెఱ్ఱబడి, నల్లగ్రుడ్డు అంచున ఆవగింజ ప్రమాణమున తెల్లని చుక్క కనబడెను. ఇక దాచుట కేమున్నది? వరుని తల్లిగారు తామే ఆటో పిలిపించి మమ్ము కంటివైద్యుని యొద్దకు తీసికొనిపోయిరి. ఆయన పుండునుండి కొంచెము గీకి పరీక్షకు పంపి, గంటగంటకు రాత్రింబవళ్లు మందుచుక్కలు వేయుడనెను. అది అకాంతమీబా కాకపోవుట మా యదృష్టము. పుండు ముదిరినచో, 1987లో హైదరాబాదున స్థాపింపబడిన ఎల్.వి. ప్రసాద్ కంటివైద్యాలయము వంటిచోటికి పోయి, కార్నియా మార్చుకొనవలసినంత పని పడవచ్చునని విని మా కాళ్లు వణకెను. పొత్తపినాటి తిన్నడు స్వామికి కన్నిచ్చి కన్నప్ప యైన కథ మా కడపసీమలో పసిబిడ్డలకును తెలియును. మా యత్తగారు శ్రీకాళహస్తీశ్వరునకు వెండికన్నులు మ్రొక్కుకొనిరి. తిన్నడు కన్నిచ్చినది భక్తిచేత. మే మొక పిల్ల కంటిని ఒడ్డినది దేనికొఱకని ఆ రాత్రి గడియారము ముందు కూర్చుండి మమ్ము మేమే అడుగుకొంటిమి.

వరుని తల్లిగారు మూడుదినములు మమ్ము పోనీయలేదు. నాల్గవనాడు ఆమె మాతో నన్న మాట యొక్కటే: "ముందే చెప్పియుంటే, ఒక గది విడిగా ఇచ్చి ఉందుము గదమ్మా." ఆమె కోపపడినను మాకింత బాధ కలిగియుండదు.

సోదరీమణులారా! అద్దములా లెన్సులా యని మీలో ఎవరైన అడిగినచో మా సమాధానమిది. లెన్సు చెడ్డది కాదు. చూపు మిక్కిలి తక్కువైనవారికి, రెండు కన్నుల చూపులో పెద్ద భేదమున్నవారికి, ఆటలాడు పిల్లలకు అది మేలు చేయును. కార్నియా మొనదేలిన వారికి అద్దములు సరిపోనిచోట గట్టి లెన్సే చూపునిచ్చును. అప్పుడప్పుడు మాత్రమే వాడువారికి ఒకనాడు పెట్టి పారవేయు దినసరి లెన్సులు సుకరములు. కాని లెన్సు ఒక నిత్యవ్రతము. చేతులు కడుగుటకు చోటు, తీసిపెట్టుటకు వేళ, కన్ను మండినపుడు వెంటనే తీసివేసి అద్దములు పెట్టుకొను స్వేచ్ఛ, ఈ మూడును గలవారే దాని నాచరింపగలరు. దాచి పెట్టుకొన్నవారికి ఈ మూడును ఉండవు. మా పిల్ల కంటికి హాని చేసినది లెన్సు కాదు, మా గుట్టు. లెన్సులు కొన్నవారైనను చేతిసంచిలో అద్దముల నుంచుకొనక తప్పదు. అద్దములు దాచవలసిన యింట లెన్సులు పెట్టుకొనకుండుటయే మేలు.

ఈ గుట్టు పెండ్లిచూపులతో మొదలగునది కాదు. 2019 అక్టోబరు 10వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అనంతపురమున కంటివెలుగు పథకమును ప్రారంభించి, మొదట బడిపిల్లల కన్నులు పరీక్షింపజేసి, కావలసినవారికి ఉచితముగ అద్దము లొసగెను. మా వారి బడిలోను కొందఱికి వచ్చినవి. మగపిల్లలు పెట్టుకొని తిరిగిరి. ఒక బాలిక మాత్రము వానిని సంచిలోనే యుంచెను. అడుగగా, ఇంటిలో పెట్టుకొనవద్దనిరని చెప్పెనట. అద్దములు పెట్టుకొన్న చూపు ఇంకను తగ్గునని కొందఱు తల్లుల భయము. అది నిజము కాదు. హ్రస్వదృష్టి కనుగ్రుడ్డు పొడవు పెరుగుటచే కలుగునది. అద్దము దానిని పెంచదు. పిల్లలను పగటి వెలుతురున ఆరుబయట ఆడనిచ్చుట మాత్రము దానిని కొంత నివారించునని వైద్యులు చెప్పుచున్నారు. గాంధారి తన కన్నులకు తానే గంత కట్టుకొన్నది. అది యామె యెంచుకొన్న వ్రతము. నల్లబల్ల కనబడని యా చిన్నపిల్ల ఏ వ్రతము పట్టినది?

మా పిల్ల కన్ను మూడువారములకు మానెను. నల్లగ్రుడ్డు అంచున చిన్న తెల్లమచ్చ నిలిచిపోయెను. చూపునకు అడ్డము లేదు, వెలుతురులో దగ్గఱనుండి చూచిన కనబడును. సంబంధము తప్పిపోలేదు. శ్రావణమాసమున వివాహమైనది. ఆనాడు మా యత్తగారే అద్దములను మెత్తని బట్టతో తుడిచి కూతురి చేతికిచ్చిరి. జీలకఱ్ఱ బెల్లము పెట్టిరి, తెర తీసిరి. మేము పెండ్లికూతురి వెనుకనే నిలిచియుంటిమి. ఆమె తలయెత్తి వరుని ముఖమువైపు తిన్నగా జూచెను. మా వారు మండపపు స్తంభము ప్రక్కనుండి మా వంక చూచి నవ్విరి. ఆ నవ్వు అంత దూరమునుండియు మాకు స్పష్టముగనే కనబడెను.